ఆరవ వచనము

(శతవార్షిక సభలలో చేసిన ప్రసంగ పాఠము)



హాండెల్ అనగానే మనకు జ్ఞాపకము వచ్చేది క్రిస్మసు రోజులలో క్వైరులు పాడే హల్లెలూయ కోరసు. అది 1741లో వ్రాసిన 'మెస్సయా' లోనిది. అంతకు 34 సంవత్సరముల ముందే, 1707 ఏప్రిల్ నెలలో, ఆయన రోము నగరములో 110వ కీర్తనకు సంగీతము కూర్చారు. అప్పటికి ఆయన వయస్సు 22. జర్మనీలోని హాలె పట్టణములో పుట్టిన లూథరను. కూర్చినదేమో రోమను సంఘము ఆదివారపు సాయంకాల ప్రార్థనలో పాడుకొనే లాటిను కీర్తనకు! లాటిను బైబిలులో దాని సంఖ్య 109. మొదటి రెండు మాటలను బట్టి 'దీక్సిత్ దోమినుస్' అంటారు.

ఈ కీర్తన ఆరంభము మనకు కంఠస్థమే. దేవుని కుడి ప్రక్కన కూర్చుండుట, మెల్కీసెదెకు క్రమము, ఇవన్నీ క్రొత్త నిబంధనలో మరల మరల వచ్చే మాటలు. ఆరవ వచనము దగ్గర మాత్రము నా గొంతు తగ్గిపోతుంది. పీనుగులు, పగిలిన తలలు. దీనిని ఆరాధనలో ఎట్లు చదవడము? ఈ చిక్కు నా ఒక్కడిదే కాదు. 1971లో రోమను సంఘము వెలువరించిన నిత్య ప్రార్థనల గ్రంథములో ఈ కీర్తన ఉన్నది, ఈ ఒక్క వచనము లేదు. వినేవారి మనస్సు కలతపడుననియే తీసివేశారు. తప్పు పట్టను.

హాండెల్ వదలలేదు. అయిదు స్వరముల గాయక బృందము, తీగ వాద్యములు, అన్నిటిని దానిమీదికే తెచ్చారు. నలుగగొట్టును అనుటకు లాటిను మాట 'కొంక్వస్సాబిత్'. మన పాటలో అక్షరమును సాగదీసి గమకము పలికిస్తాము. ఇక్కడ అట్లు కాదు. సుత్తి దెబ్బ వెంట దెబ్బ. దెబ్బకు దెబ్బకు నడుమ ఖాళీ. అందులో విజయోత్సాహము వినేవారు లేకపోలేదు. నాకైతే భయము వేస్తుంది.

వెంటనే ఏడవ వచనము. త్రోవ ప్రక్కన ఏటి నీళ్లు త్రాగి తల ఎత్తుట. హోరు అణగిపోతుంది. పై స్వరము గాయకులు ఇద్దరు, ఒకరి స్వరము మరొకరి స్వరమును ఒరసికొనుచుండగా, నెమ్మదిగా పాడతారు. క్రింద పురుషులందరు ఒకే స్వరముతో, దాదాపు జపమువలె, ఆ తల ఎత్తుట గూర్చిన మాటలు పలుకుతారు. రాజు గెలిచి వచ్చెనని బాకాల ధోరణిలో వ్రాయవచ్చును గదా! ఆ 22 ఏండ్ల యువకునికి వినబడినది దాహము. ఆరవ వచనము తీసివేస్తే ఈ నీళ్లు ఎవరికి, ఎందుకు కావలసి వచ్చినవో తెలియదు.

మొత్తము రచన అరగంటసేపు పడుతుంది. పాడుట బహు కష్టము. మన క్వైరు ఆ సాహసము చేయడము లేదు. ఈ నీళ్ల భాగము మాత్రము ఇద్దరు ఆడపిల్లలు, మన పురుషులు నెల రోజులుగా అభ్యాసము చేశారు. ఇప్పుడు పాడతారు. దానికి ముందు ఆరవ వచనమును తెలుగులో ఎవరైనా బిగ్గరగా చదవవలెనని నేను పట్టుబట్టాను. అయితే మీరే చదవండి అన్నారు.