బొమ్మకారుకు ఇంట రంగు చిమ్ముట
(సంఘ మందిరమున సెలవుదినముల హస్తకళా సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



మేము రంగులు, ఇనుపసామానులు విక్రయించి జీవించువారము, పండితులము గాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అయినను ఇరువది యేండ్లుగా రంగుపని వారి నడుమ మెలగుచున్నందున రంగు గుణదోషములు కొంత యెరుగుదుము. ఈ సెలవులలో మన పిల్లలు ప్లాస్టిక్కు కారు నమూనాల పెట్టెలు కొని, పైన చిమ్ముటకు స్ప్రే డబ్బాలకై మా దుకాణమునకు వచ్చుచున్నారు. వెంట వచ్చు తల్లిదండ్రుల ప్రశ్న యొక్కటే: "ఇది యింట చేయదగిన పనియేనా?" చేయదగినదే, కాని పద్ధతి యెరిగి చేయవలెను.

ముందుగా ఈ సాధనము పుట్టుకను రెండు మాటలలో విన్నవింతుము. అమెరికాలో టొలీడో పట్టణమున డాక్టరు అలెన్ డివిల్‌బిస్ అను వైద్యుడు గొంతు జబ్బులకు మందు చిమ్ముటకై 1880ల దశకమున ఒక పరికరమును కల్పించెను. ఆయన కుమారుడు దాని మార్గముననే రంగు చిమ్మెడు గన్నును రూపొందించెను. ఆ కాలమున మోటారుకారుకు కుంచెతో వార్నిషు పూసి ఆరబెట్టుటకు వారములు పట్టెడిది. 1923లో డ్యూపాంటు కంపెనీవారు డ్యూకో అను లాకరును తెచ్చిన పిమ్మట ఆ పని మిగుల త్వరితమైనది. నేటికిని మన వడ్రంగులు బీరువాకు "డ్యూకో వేయుదుము" అనుట ఆ పేరే. 1949లో ఎడ్వర్డు సీమోరు అను అమెరికా వ్యాపారి, భార్య ఇచ్చిన సలహాపై, రంగును వాయువును ఒకే డబ్బాలో బిగించెను. నేడు మన పిల్లల చేతిలోని డబ్బా దాని సంతతియే.

ఇక పని క్రమము. పెట్టె తెరచిన వెంటనే రంగు వేయరాదు. అచ్చునుండి భాగములు సులువుగ నూడి వచ్చుటకు కర్మాగారమున నూనెవంటి పదార్థమును వాడుదురు. అది మిగిలియున్నచో రంగు పట్టదు. కావున గోరువెచ్చని నీట పాత్రలు తోము సబ్బు కలిపి, మెత్తని బ్రష్షుతో కడిగి, నీడను ఆరబెట్టవలెను. పిదప వేలిముద్రలు పడకుండ చేతితొడుగులు ధరింపవలెను. అచ్చు కలిసిన చోట సన్నని గీత యుండును. దానిని 600 నంబరు వాటరు పేపరుతో తడిపి రుద్దవలెను. గుంటలున్నచో నమూనాలకు తగిన లప్పము పెట్టి, ఆరిన పిమ్మట నునుపు చేయవలెను. లప్పము సరిగా లేని గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినను లోపము దాగదని గృహస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాత ప్రైమరు. ఈ నమూనాలు చాలవరకు పాలిస్టిరీను అను ప్లాస్టిక్కుతో చేయబడును. గేటుకో సైకిలుకో వేయు రంగును దీనిపై చిమ్మినచో అందలి టిన్నరు ప్లాస్టిక్కును తిని, ఉపరితలమంతయు బీటలు వారును. నమూనాలకు తగిన రంగునే కొనవలెను. భాగములు అంటియుండు చట్రమును పారవేయక, మొదట దానిపై చిమ్మి చూడవలెను. ఎరుపు, పసుపు రంగులకు అడుగున తెల్ల ప్రైమరు, ముదురు రంగులకు బూడిదవన్నె ప్రైమరు తగును. లాకరుపై ఎనామెలు నిలుచును. ఎనామెలుపై లాకరు వేసినచో అడుగురంగు ముడుతలు పడును. ఈ వరుస మరువరాదు.

చిమ్మునపుడు కారు పైభాగమును ఖాళీ సీసాపై నిలుపవలెను. డబ్బాను రెండు నిమిషములు బాగుగ కుదుపవలెను. ఇంచుమించు జానెడు, అనగా 20 నుండి 25 సెంటీమీటర్ల యెడము పాటింపవలెను. కారుకు వెలుపలనే మీట నొక్కి, చేతిని నిలుపక ఆ కొననుండి ఈ కొనకు సాగించి, కారు దాటిన పిమ్మటనే వదలవలెను. మొదటి రెండు పూతలు మంచుపొరవలె పలుచగ నుండవలెను. అడుగు కనబడుచున్నను కంగారుపడరాదు. పదిపదునైదు నిమిషముల కొక పూత చొప్పున మూడు నాలుగు పూతలతో రంగు నిండును. ఒక్క పూతతోనే ముగింపబూనినచో రంగు కారి చారలు కట్టును. మరీ దూరమునుండి చిమ్మినచో గాలిలోనే ఆరి గరుకుదేరును. ఏటికొప్పాక పనివారు తిరుగుచున్న అంకుడు కొయ్యపై లక్కను ఓర్పుతో పట్టించుట చూచినవారికి ఈ మాట క్రొత్త గాదు.

యానాము, చెన్నపట్టణము వంటి తీరప్రాంతముల వారికి ఒక హెచ్చరిక. లాకరు త్వరగా నారునపుడు ఉపరితలము చల్లబడి, గాలిలోని తేమ దానిపై చేరి, రంగు తెల్లగ మసకబారును. ముసురు దినమున డబ్బాను ముట్టకుండుటయే మేలు. పూత ముగిసిన పిమ్మట దుమ్ము పడకుండ అట్టపెట్టె బోర్లించి, రెండు దినములు వేచియుండవలెను. ముక్కునకు రంగు వాసన సోకుచున్నంత కాలము లోపల నారలేదని గ్రహింపవలెను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఒక యింట పదునాలుగేండ్ల బాలుడు దుమ్ము పడునను భయమున స్నానాలగది తలుపు మూసి రంగు చిమ్మి, తల తిరిగి కూలబడెనని అతని తండ్రి మాతో చెప్పెను. సకాలమున తలుపు తీసినందున గండము గడచినది. చాల డబ్బాలలో రంగును త్రోయు వాయువు మన వంటగ్యాసు జాతిదే, గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. దేవుని గది దీపము, అగరువత్తి, వంటపొయ్యి, ఏదైనను దాని నంటించగలదు. కావున మిద్దెపైననో పెరటిలోననో, గాలి నెమ్మదిగ నున్న ఉదయమున, పెద్దల సమక్షమున మాత్రమే ఈ పని సాగవలెను. ముక్కునకు కట్టిన గుడ్డ తుంపరను కొంత ఆపునేమో గాని ఆవిరిని ఆపదు. రసాయనిక ఆవిరుల నాపు బొగ్గు కార్ట్రిడ్జి మాస్కును, కండ్లకు అద్దములను ధరింపవలెను. ఉబ్బసపు వ్యాధిగ్రస్తులను, గర్భిణులను, పసిబిడ్డలను దూరముగ నుంచవలెను. డబ్బాను ఎండలో నుంచరాదు, పొయ్యిపై కాచరాదు, ఖాళీయైనను పొడువరాదు, కాల్చరాదు. మాస్కు ఖరీదని వెనుదీయు తండ్రికి మేము డబ్బా విక్రయింపము. బేరము పోయినను సరే.

తల్లిదండ్రులకు మరొక్క మనవి. పూతకు పూతకు నడుమ పదునైదు నిమిషముల విరామము కలదు గదా! మన పిల్లలు బడిలో నొక భాష, వీధిలో నొక భాష మాటలాడుచున్నారు. పెట్టెలోని సూచనలు ఇంగ్లీషుననో జపానుభాషననో యుండును. ఆ విరామమున వారి ప్రక్కన కూర్చుండి పూత, లప్పము, నునుపు, అంచు, చార అను మాటలను వారి చెవిని వేయుడు. చేతిపనితో కలిసివచ్చిన మాట పిల్లవానికి మరపురాదు.

వచ్చు ఆదివారము ఉదయము ఈ మందిరపు మిద్దెపై పిల్లలచే ఈ పని చేయింపదలచితిమి. మాస్కులు మేము తెత్తుము. పిల్లలు కారును కడిగి, ఆరబెట్టి తీసికొనిరావలెను. వెంట పెద్దలొకరు రావలెను.