వలస వచ్చినవారు, వాకిలి తెరచినవారు



స్వదేశముననే, తమ ధర్మబంధువులు ఒకరిద్దరుమాత్రమే యున్న ఊరికిగాని, ఒక్కరును లేని పల్లెకుగాని తమంతట తాము తరలిపోయి, అచ్చట కాపురముండి, సొంతవృత్తితో బ్రతుకుచు, ఇరుగుపొరుగువారి సేవలో కాలము గడపు బహాయీని, అనగా బహాయీ ధర్మానుయాయిని, ఆ సమాజమువారు హోంఫ్రంట్ పయనీరు అందురు. ఆ ధర్మమున పురోహితవర్గము లేదు. కావున దానిని నిలుపు భారము ఉపాధ్యాయునిమీదను, దర్జీమీదను సమానముగా పడుచున్నది.

ఇట్టి వలసకు పారసీకమున మొహాజెరత్ అని పేరు. ఆ మాటకు మహత్త్వమబ్బిన నేల నేటి సౌదీ అరేబియా. క్రీ.శ. 622లో మహమ్మదు ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరినపుడు, ఇల్లువాకిలి వదలి వచ్చినవారు ముహాజిరులైరి. ఆశ్రయమిచ్చిన మదీనావాసులు అన్సారులు, అనగా సహాయకులు, అయిరి. ప్రవక్త వారిని ఇద్దరిద్దరిగా సోదరులను గావించెను. అట్లు అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫునకు సోదరుడైన సాద్ ఇబ్న్ అర్రబీ, తన ఆస్తిలో సగము పంచి యిచ్చెదననగా, వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ అతనిని దీవించి, అంగడికి త్రోవ చూపిన చాలునని కోరి, ఎండుపెరుగును నేతిని అమ్ముకొనుచు తన కాళ్ళపై తాను నిలిచెను. సగమిత్తుననిన ఔదార్యమెంత గొప్పదో, అక్కరలేదనిన ఆత్మగౌరవమును అంత గొప్పది. అయినను నా మనస్సు ఆ అంగడిత్రోవ చూపిన చేతియొద్దనే నిలిచిపోవుచున్నది. కరీంనగరమునుండియో కడపనుండియో ఆ దేశపు జెద్దాకు వెళ్ళిన మనవారిని అడుగుడు: తొలినెల తమ గదిలో చోటిచ్చి అన్నము పెట్టినవానినే వారు ముందు తలచుకొందురు.

బహాయీ ధర్మమునకు ముందుదూతయైన బాబ్ మహాశయుడును 1844లో ఆ నేలకే మక్కాయాత్ర చేసి, తన సందేశమును శిష్యుడైన ఖుద్దూసు చేత మక్కాపాలకుడగు షరీఫునకు పంపెను. నేడా దేశమున అన్యమతారాధన బహిరంగముగా సాగుటకు అనుమతి లేదు. కనుక పయనీర్ల చరిత్ర అచ్చట వెదకరాదు. దానికి మూలము, ధర్మస్థాపకుడైన బహాఉల్లా కుమారుడు అబ్దుల్ బహా 1916, 1917 సంవత్సరములలో ధర్మప్రచారమునకు తరలిపొండని ఉత్తర అమెరికా బహాయీలకు వ్రాసిన పదునాలుగు లేఖలు. తాను వెళ్ళజాలనివాడు తన బదులు మరియొకరిని పంపవలెనని బహాఉల్లా అంతకుముందే విధించి యుండెను. ఈ విధి నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, ఇల్లు కదలలేని వృద్ధురాలికిని ఆ ప్రయాణమున భాగము కలదు. ధర్మకార్యమునకు బహాయీలుకానివారి ధనమును ఆ సమాజము స్వీకరింపదు. అట్లు పంపు భారమంతయు తోడి బహాయీలదే.

ఇంటిపేరే మొహాజిర్ అయిన పారసీక వైద్యుడు డాక్టర్ రహ్మతుల్లా 1954లో భార్యతో ఇండొనీషియాలోని మెంతావాయ్ ద్వీపములకు వెళ్ళెను. 1979లో ఈక్వడారు రాజధాని కీటోలో దేహము చాలించెను. అట్టివారి చరిత్రలు వ్రాయబడుచున్నవి. వారిని సాగనంపి, ఆదుకొన్నవారి చరిత్ర వ్రాయువారు అరుదు. ఇది అన్యాయము.

మీలో ఎవరి బంధువైనను అట్లు దూరపుపల్లెకు తరలి యున్నయెడల, ఉత్తరము వ్రాయుడు. వారింట ప్రార్థనకు ఇద్దరే కూర్చుండిననాడు, మూడవవారుగా మీరు పోయి కూర్చుండుడు.