మాట పడితే మందు మానేస్తారు
(క్షయ రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. ఆ ఆరు నెలలూ రోగి చెవిన పడే మాటల గురించి ఈరోజు చెబుతాను.

ముందు ఆసుపత్రుల మాటే చూద్దాం. మందులు మధ్యలో ఆపినవారిని రికార్డుల్లో ఏళ్ల తరబడి ‘డిఫాల్టర్’ అని రాసేవారు. అప్పు ఎగ్గొట్టినవారిని అనే మాట అది. పరీక్షకు వచ్చినవారిని ‘సస్పెక్ట్’ అనేవారు. అది పోలీసుల మాట. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ మార్చింది. ‘డిఫాల్టర్’ బదులు, చికిత్సకు అందకుండా పోయినవారు అనే అర్థం వచ్చే మాట పెట్టింది. మొదటి మాట తప్పంతా రోగి మీద వేస్తుంది. రెండో మాట వింటే, ఎందుకు రాలేకపోయారో వెళ్లి కనుక్కోవాలని సిబ్బందికి తోస్తుంది.

ఇంట్లోనూ అంతే. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. ‘బాగయింది కదా’ అని చాలామంది మానేసేది అప్పుడే. అలా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్షయగా కూడా మారవచ్చు. ‘ఎందుకు మానేశావు?’ అని గద్దిస్తే రోగి నిజం దాస్తాడు. ‘ఏం అడ్డొచ్చింది?’ అని అడగండి. కడుపులో తిప్పుతోందనో, కూలి పోతోందనో, మూత్రం రంగు మారితే భయమేసిందనో చెబుతాడు. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ మందు వల్లనే, భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

‘నీకేం కాదులే’ అనడం కన్నా ‘ఈ నెల ఒక్కరోజూ మానలేదు, బరువు కూడా పెరిగావు’ అనడం మేలు. తాను చేసింది కంటికి కనబడితే మిగతా నెలలకు ఓపిక వస్తుంది.

ఇక పనిచోట. ‘వీడిక పనికిరాడు’ అని మేస్త్రీ అంటాడేమోనన్న భయంతో జబ్బు దాచి, మాత్రలు మానేసేవారున్నారు. రోగి ఒప్పుకుంటే మీరే వెళ్లి మేస్త్రీతోనో, సూపర్‌వైజరుతోనో మాట్లాడండి. డాక్టరు సరేనన్నాక పనిలోకి రావచ్చని చెప్పండి. ‘కోలుకుని రా, నీ పని నీకుంటుంది’ అని వారి నోట వస్తే, ఆ మనిషి ఆరు నెలలూ నిలబడతాడు.

దయచేసి ఇంట్లో ఎవరూ ‘టీబీ మనిషి’ అనకండి. పేరు పెట్టి పిలవండి. మాత్రలు వేసుకునే వేళకు పక్కన కూర్చోండి.