సెంటు స్థలమా, ఊరి నడుమ గదా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఇళ్ల సంగతి మాట్లాడమని మమ్మల్ని ఆదేశించారు. ఇన్నాళ్లూ ఇళ్ల విషయంలో మన సంఘం పని అర్జీలు రాసిపెట్టడమే. పట్టా వస్తే మిఠాయి తినేవాళ్లం, రాకపోతే ఇంకో అర్జీ రాసేవాళ్లం. ఆ పద్ధతి సరైనదేనా అన్న అనుమానం ఇప్పుడు మాకే వచ్చింది. మన సభ్యుల్లోని ఒక కుటుంబమే అందుకు కారణం.

ఆయన పాత ఊళ్లో కుట్టుమిషను పెట్టుకొని బతికేవాడు. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా ఇంటి స్థలాలు పంచడం మొదలైనప్పుడు ఇంటావిడ పేరిట పట్టా వచ్చింది. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర లెక్కన ఇచ్చారు. సెంటంటే 48 గజాల పైచిల్లర. చిన్నదని మేము తప్పు పట్టడం లేదు. అంత కూడా లేనివాళ్లం మనలో ఎంతమందిమి! చిక్కల్లా ఆ స్థలం ఎక్కడుందన్నదే. ఊరు దాటి, శెనక్కాయ చేలు దాటి పోవాలి. అప్పు చేసి గోడలు లేపారు. ఆర్నెల్లు కాపురం చేశారు. అక్కడ బట్టలు కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారు? రానూపోనూ ఆటోకే కూలిలో పెద్ద ముక్క పోయేది. చివరకు సొంతింటికి తాళం వేసి, పాత ఊళ్లోనే ఒంటి గదికి బాడుగ కడుతున్నారు.

దీన్ని స్వేచ్ఛా విపణిని నమ్మే అర్థశాస్త్రజ్ఞులు ఎలా చూస్తారో చెబుతాం. ఊరి నడుమ స్థలం ప్రియమైందంటే, అక్కడ పని దొరుకుతుంది కాబట్టి అందరూ అక్కడే ఉండగోరుతున్నారని అర్థం. ప్రియమైన స్థలంలో ఒక్కొక్కరు తక్కువ జాగా వాడుకొని, మిద్దె మీద మిద్దె వేసుకోవాలి. అలా వేయనీయకుండా చట్టం అడ్డుపడితే ఊరు అడ్డంగా పాకుతుంది. పేదవాడు అంచుకు పోతాడు. బొంబాయి నగరంలో 1991 నిబంధనల ప్రకారం ద్వీపభాగంలో స్థలం కన్నా 1.33 రెట్లకు మించి కట్టరాదన్నారు. అక్కడి మురికివాడల సంగతి మీకు తెలుసు. హైదరాబాదులో 2006లో ఆ రెట్ల లెక్క తీసేసి, వీధి వెడల్పును బట్టి ఎత్తు పెట్టారు. ఇది మెరుగే. అయితే మన పాత ఊరి సందుల్లో ఆటో తిప్పడానికే వల్లగాదు, ఆ లెక్కన మనకు ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? అగ్గి పుడితే ఫైరింజను రావాలి గదా అంటారు. ఆ మాటా కొట్టిపారేయలేం.

మన గడ్డ మీద ఇంకో లెక్క ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. అనంతపురానికి తాగునీరు పెన్న అహోబిలం జలాశయం నుంచి పైపుల్లో రావాలి. ఊరు దగ్గరగా ఉంటే పైపు పొట్టిగా ఉంటుంది. దూరంగా పాకిన కాలనీ ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి ఎదురు చూడాల్సిందే.

బండ్ల సంగతికి వద్దాం. మన తాతల్లో ఎందరో జట్కా తోలినవాళ్లు. బస్సుల కథ వేరు. బస్సు రూట్లు ప్రభుత్వపరం చేయడంలో కర్నూలు జిల్లా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు చేసిన వ్యాఖ్యల తర్వాత మన జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డిగారు 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. రూటు ఎవరికివ్వాలో పైవాళ్లు తేల్చే పద్ధతిలో రాజకీయం ఎంత సులువుగా దూరుతుందో దాన్నిబట్టి చూడండి. అట్లని ఆర్టీసీ వద్దనం. లాభం లేని పల్లెకు బస్సు పోతున్నదంటే దాని పుణ్యమే. కానీ కాలనీకి బస్సు రాని వేళల్లో మనల్ని మోసేది షేరు ఆటో. దానికున్నది కాంట్రాక్టు పర్మిట్. మనిషికింతని దారిపొడుగునా ఎక్కించుకోవడం ఆ పర్మిట్లో లేదు. అందుకే మన పిల్లలు చలానాలు కడుతున్నారు. ఆటోలకు రూటు పర్మిట్లు ఇచ్చి, ఎంతమందిని ఎక్కించాలో కట్టడి చేస్తే సరిపోదా?

ఇక బాడుగలు. 1946లో ఫ్రీడ్‌మన్, స్టిగ్లర్ అనే ఇద్దరు అమెరికా పండితులు శాన్‌ఫ్రాన్సిస్కో ఊరి లెక్క రాశారు. 1906 భూకంపంలో నాలుగు లక్షల జనంలో సగానికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నా, పత్రికల్లో ఇళ్ల కరువు మాటే లేదు. బాడుగలపై అదుపు పెట్టిన తర్వాత, 1946 నాటికి, ఇల్లు ఇస్తామనే ప్రకటనలు 10 ఉంటే, ఇల్లు కావాలనేవి 375! బొంబాయిలోనూ 1947 చట్టంతో పాత బాడుగలు బిగుసుకుపోయి, పగిడీ పేరిట చాటు సొమ్ము చేతులు మారింది. రిపేరు చేసే దిక్కులేక ఇళ్లు కూలాయి.

ఇక్కడ మాకొక సందేహం ఉంది, దాచం. పేరు చెప్పగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న మాట మనలో వినని వాళ్లెవరు? ఇళ్లు ఎక్కువైతే, ఖాళీ ఇల్లు పెట్టుకున్న ఓనరుకు ఆ పట్టింపు ఖరీదు అవుతుందంటారు పండితులు. కొంత నిజమే. అయితే పూర్తిగా నమ్మి కూర్చోలేం. అందుకే మన చేతిలో కొన్ని గదులు ఉండాలంటున్నాం.

మరి మన చేతిలో ఉన్నవాటి సంగతేమిటి? సంఘం స్థలంలో ఆరు పెంకుటిండ్లు ఉన్నాయి. బాడుగ ఇరవై ఏళ్ల కిందటిది. వానొస్తే కారుతాయి, బాగు చేయించడానికి ఆ బాడుగ సున్నానికి కూడా చాలదు. బొంబాయిని ఎందుకు తప్పుపట్టాలి, మనమే చిన్న బొంబాయి నడుపుతున్నాం! మా ప్రతిపాదన ఇది: వాటిని తీసి మూడంతస్తులు వేద్దాం, పద్దెనిమిది గదులు వస్తాయి. ఇప్పుడున్న ఆరు కుటుంబాలకు కింది గదులు, పాత బాడుగకే అయిదేళ్లు. మిగతా పన్నెండు బజారు బాడుగకు. వచ్చిన డబ్బులోంచి కట్టలేని వితంతువులకు బాడుగ సాయం చేతికే ఇద్దాం. బాడుగ పెంచడం ధర్మమా అని ఇద్దరు పెద్దలు ఇప్పటికే మమ్మల్ని నిలదీశారు. ఆ ఆరిళ్ల అమ్మలు కూడా ఈ సభలోనే ఉన్నారు. ముందు వాళ్లు మాట్లాడాలి. ప్లాను కాగితం ఆఫీసు బల్ల మీద ఉంది. రంజాను తర్వాత సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం.