పూర్వుల పసిడిగనులు – బంగారమును వెదకవలసిన తావులు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



వృత్తిసంబంధమైన విషయ మేదేని చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మనము తరతరములుగా బంగారమును మూసలలో కరగించితిమి, కమ్మచ్చున తీగ తీసితిమి, గీటురాతిపై గీచి వన్నె చెప్పితిమి. కాని యా బంగారము నేలలో నెచ్చట నుండునో, పూర్వులు దాని నెట్లు కనుగొనిరో యెరిగినవారు మనలో మిక్కిలి తక్కువ. ఆ యెరుగకపోవుటవలననే మా యింట నొక నష్టము సంభవించినది. దానిని పిమ్మట విన్నవింతును. ముందు గనుల మాట చెప్పెదను.

దక్షిణాపథమున బంగారమును మొదట కనుగొన్నవారు తెల్లవారు కారు. రాయచూరు జిల్లాలోని హట్టి గనిలో ఆధునిక యంత్రములతో పని యారంభించినప్పుడు, పూర్వు లంతకు మునుపే సుమారు 600 అడుగుల లోతువరకు త్రవ్వియుండిరని తెలియవచ్చెను. ఆ పాతగనిలో దొరకిన కొయ్యను కర్బనపద్ధతిని పరీక్షింపగా దాని వయస్సు రమారమి రెండువేల యేండ్లని తేలినది. నాడు మందుగుండు లేదు, నీరు తోడు యంత్రము లేదు. రాతిగోడ కానించి కట్టెలు పేర్చి మంట పెట్టి, కాగిన రాతిపై నీరు చల్లి పగుళ్లు పుట్టించి, ఉలితోను సుత్తితోను పెళ్లగించెడివారు. దానిని పైకి మోసికొని వచ్చి, బండలపై రోళ్లవంటి గుంటలలో దంచి, పిండిచేసి నీటిలో కడుగగా తేలికయైన రాతిపొడి కొట్టుకొనిపోయి బరువైన పసిడి యడుగున నిలిచెడిది. కంసాలి యంగడి ముందరి మట్టిని కడిగి రజను తీయు జలగడుగువారి పని చూచినవారికి ఇది వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ యులులకు పదును పెట్టినవాడు కమ్మరి, గనిలో దూలములు నిలిపినవాడు వడ్రంగి యనుట నిజము. అంతమాత్రమున వారందరును మనవారే యని వేదికలపై గొప్పలు చెప్పుకొనుట నాకు సమ్మతము కాదు. వారి పేళ్లు గాని కులములు గాని చెప్పు శాసన మొక్కటియు నేను చూచి యెరుగను.

శాసనముల ప్రస్తావన వచ్చినది గనుక మరియొక మాట. హట్టికి సమీపముననే యున్న మస్కియందు 1915లో బీడన్ అను గనుల యింజనీరు బంగారమునకై వెదకుచు నశోకుని శాసనమును కనుగొనెను. అశోకుని పేరు స్పష్టముగా చెక్కబడిన శాసనములలో మొదట దొరకిన దదియే. మౌర్యరాజకుమారుడు సువర్ణగిరియందుండి దక్షిణమును పాలించుచుండెనని బ్రహ్మగిరి శాసనమువలన తెలియుచున్నది. ఆ సువర్ణగిరి మన కర్నూలు జిల్లాలోని జొన్నగిరియే యని కొందరును, కనకగిరి యని కొందరును పండితులు వాదింతురు. వాద మెట్లున్నను, జొన్నగిరి చెంత ఎఱ్ఱగుడియొద్ద నశోకశాసనములును, ఆ చుట్టుపట్ల పాత బంగారు గుంతలును గలవు. చక్రవర్తి ధర్మమును చెక్కించిన బండలును, పసిడి పండిన రాళ్లును నింత చేరువగా నుండుట కాకతాళీయ మని నేను నమ్మజాలను.

ఇక వెదకుట యెట్లు? కౌటిల్యుని యర్థశాస్త్రమున ఆకరాధ్యక్షుడను గనుల యధికారి లక్షణములు చెప్పుచు, పూర్వము త్రవ్వి విడిచిన గనిని చిట్టెమును, మూసలను, బొగ్గులను, బూడిదను బట్టి గుర్తింపవలయునని యున్నది. క్రొత్తచోటు వెదకుటకు ముందు పాతచోటు చూడుమని దీని భావము. ఈ సూత్రము విలువ కోలారు చరిత్రలో తేటపడినది.

1802లో వారెన్ అను సైనికోద్యోగి మైసూరు సరిహద్దులను కొలుచుచు, ఉరిగాం ప్రాంతమున బంగారము కలదను వదంతి విని బహుమాన మిత్తునని చాటించెను. పల్లెవారు బండ్లతో మన్ను తెచ్చి యాతని యెదుటనే కడిగి పసిడి రేణువులను చూపిరి. 1873లో లావెల్ అను నాతడు మైసూరు ప్రభుత్వమువలన త్రవ్వుట కనుమతి పొందెను. తరువాత లండనులో కంపెనీలు లేచినవి, ధనము ప్రవహించినది, గోతులు త్రవ్వబడినవి. పసిడి మాత్రము తగినంత కానరాలేదు. 1880 తరువాతి యేండ్లలో మైసూరు కంపెనీ మూలధనము దాదాపు హరించిపోయిన సమయమున, ప్లమ్మర్ అను గని యధికారి పూర్వుల గుంతల క్రిందికే పోయి చూతమని పట్టుపట్టి త్రవ్వించెను. అక్కడ దొరకినదే ఛాంపియన్ రీఫ్ అను సుప్రసిద్ధమైన పసిడిచాలు. అటుపై 2001 ఫిబ్రవరి 28న పని నిలుచునంతవరకు ఆ నేలనుండి రమారమి 800 టన్నుల బంగారము వెలికి వచ్చినది. గోతులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. 1902 మొదలు శివసముద్రపు జలవిద్యుత్తు వారికి వెలుగై, బలమై నిలిచినది.

అయితే పాతగుంత యున్నచోట నెల్ల సంపద యున్నదని పొరపడరాదు. ఆ కాలముననే వయనాటియందు, పందలూరు, దేవాల ప్రాంతముల, పూర్వుల గుంతలు చూపియే కంపెనీవారు వాటాల నమ్మిరి. ఆస్ట్రేలియానుండి బ్రో స్మిత్ అను నిపుణుని రప్పించిరి. ఆతని నివేదిక 1880లో వెలువడినది. దానిని చూచి కాఫీతోటల భూములు సయితము బంగారు భూములుగా నమ్ముడుపోయినవి. రెండుమూడేండ్లలో నన్నియు కూలినవి. రాతిలో పసిడి లేక కాదు, ఖర్చులకు చాలినంత లేక. పాతగుంత చెప్పునది రెండు మాటలు: ఇచ్చట బంగార ముండెను, చేతికందినంత తీసికొనిపోయితిమి. మిగిలిన దెంత యనునది పరీక్షకుడు చెప్పవలసినదే.

ఈ యెంత యనుదానిని మన తూకములలో చెప్పెదను. కోలారున తొలినాళ్ల టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారము వచ్చెడిది. చివరికది 3, 4 గ్రాములకు దిగినది. నాలుగు గ్రాములనగా ముప్పదిమూడు గురివిందగింజల యెత్తు. టన్ను రాతిని మూడు కిలోమీటర్ల లోతునుండి లేపి, దంచి, పిండిచేసి, ముప్పదిమూడు గింజల పసిడి తీయుట! ఆ గని యేల మూతపడినదో వేరుగ వివరింప నక్కరలేదు.

ఏ రాళ్లలో వెదకవలయునను విషయమును బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త గత శతాబ్దికి ముందే తేల్చెను. మన దేశపు నల్లరాతి గుట్టలనడుమ నక్కడక్కడ ముదురాకుపచ్చని పొరలరాయి పట్టీలవలె సాగియుండును. వానినే ధార్వాడ శిలలందురు. ఆ పట్టీలను చీల్చుకొని పోవు పలుగురాతి చాళ్లలోను, వాని యంచులలోను పసిడి యుండును. ప్రతి పలుగురాతిలో నుండదు. నూటికి తొంబది చాళ్లు వట్టివే యనుకొనుట క్షేమము. కోలారు పట్టీ దక్షిణముగా మన చిత్తూరు జిల్లాలోనికి వచ్చి చిగురుగుంట, బిసనత్తములవరకు సాగినది. అనంతపురపు రామగిరియందు 1927 ప్రాంతమువరకు నింగ్లీషు కంపెనీ త్రవ్వినది. తరువాత ప్రభుత్వసంస్థ మరల త్రవ్వి, 2001లో కోలారుతోపాటు విరమించినది. జొన్నగిరి సంగతి చెప్పియేయున్నాను. హట్టి మాత్రము నేటికిని కర్ణాటక ప్రభుత్వ సంస్థ చేతిలో నడచుచున్నది.

అయినను గునపము చేతబట్టి రామగిరికి బయలుదేరుడని నే ననుట లేదు. 1957నాటి గనుల చట్టము ప్రకారము ప్రభుత్వానుమతి లేక పసిడికై నేలను త్రవ్వరాదు. పాతగుంతలలో నీరును, చెడుగాలియు నుండును. దిగినవాడు పైకి రాకపోవచ్చును. మన బిడ్డలు భూగర్భశాస్త్రమును చదివి యా పనికి పోయినచో నది వేరు. గీటురాతి విద్య యెరిగిన యింటి బిడ్డకు రాతిలోని లోహమును గుర్తెరుగుట కొత్త కాదు.

ఇక మా యింటి మాట. 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చినవి. 14 కారట్లకు మించిన వన్నెతో నగ చేయరాదనిరి. మన కుటుంబములు లక్షలాదిగా పనిలేక వీధిని పడిన సంగతి ఈ సభలోని పెద్దలకు నేను జ్ఞాపకము చేయ నక్కరలేదు. మా నాయనగారి కుంపటి నెలలతరబడి చల్లారియుండెను. అట్టి సమయమున నొకడు వచ్చి, ఫలానా కొండలో పూర్వుల గుంతలున్నవి, వాని మట్టిని కడుగగా నిది వచ్చినది, పాలు చేరుడని యొక పొట్లము విప్పెను. నాయనగారు దానిని గీటురాతిపై గీచిరి, ద్రావకము చుక్క వేసిరి. బంగారమే! అమ్మ నగలును, ఇల్లును కుదువకు పోయినవి. వాడు మరల రాలేదు.

కొన్ని యేండ్లకు నాయనగారు మిగిలిన పొడిని భూతద్దముతో చూచి చాలసేపు పలుకక కూర్చుండిరి. పిదప నన్ను పిలిచి చూపిరి. నీటిలో దొర్లివచ్చిన పసిడిరేణువు అంచులరిగి, చదునై, బియ్యపు నూకవలె నుండును. ఈ పొడి యంచులు వాడిగా చుట్టచుట్టుకొని యుండెను. ఇది యాకురాతి పొడి. మరియు గనినుండి వచ్చు బంగారమునందు వెండి కలిసియుండును. రాగి మిక్కిలి తక్కువ. ఈ పొడి గీటు ఎఱ్ఱగా దిగినది. ఎవరిదో నగను రాచి తీసిన రజను. “గీటురాయి యబద్ధ మాడలేదురా, అది యే కొండదని నేనే యడుగలేదు,” అని వారనిరి.

ఇప్పటికిని గనుల వాటాలని, నిధులని, కొండ లోపలి పసిడియని మనవారి యిండ్లకు వచ్చువారు కలరు. ఆ కొండపై ప్రభుత్వపు లీజు యెవరి పేరనున్నది, ఎన్ని చోట్ల తొలిచి చూచిరి, టన్నుకు నెన్ని గ్రాములు వచ్చినది, ఆ లెక్క కట్టినవా రెవరు అని యడుగుడు. జవాబు కాగితముపై చూపనిచో తలుపు వేసికొనుడు.

ఆ పొట్లమును నాయనగారు నాకిచ్చి వెళ్లిరి. దానిని, ఒక నదీతీరపు స్నేహితుడు పంపిన నాలుగు నిజమైన పసిడిరేణువులను, భూతద్దమును వెంట తెచ్చితిని. సభ ముగిసిన పిమ్మట వేదికకు కుడివైపునున్న బల్లపై నుంచెదను. యువకులు వచ్చి రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచెదరుగాక.