బిడ్డ నోటి నుంచి తల్లి మెదడు దాకా



ఈ స్మారకోపన్యాసం ఏ సారు పేరు మీద జరుగుతోందో ఆయన ఈ ఊరి పిల్లలకు జీవశాస్త్రం చెప్పారు. నాడీ వ్యవస్థ ఒక పాఠం, జ్ఞానేంద్రియాలు ఒక పాఠం, గ్రంథులు ఇంకో పాఠం. పుస్తకంలో అలాగే ఉంటాయి, పరీక్షకు అదే సులువు. ఒంట్లో మాత్రం ఆ మూడింటి మధ్య గోడలు లేవు. అవి కలిసి ఒక్క పని చేయడం చూడాలంటే బాన్సువాడ దాటి పోనక్కర్లేదు. మన మాతా శిశు ఆసుపత్రిలో బాలింతల వార్డుకు వెళితే చాలు. ఆ సర్కారు దవాఖానకు 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు వచ్చింది. దాని వెనక ఉన్న శరీరశాస్త్రం గురించే ఇవాళ మాట్లాడతాను.

బిడ్డ రొమ్ము పట్టి చప్పరించగానే చనుమొన దగ్గరి నాడుల్లో సంకేతాలు పుడతాయి. అవి పక్కటెముకల మధ్య నాడుల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు చేరతాయి. అక్కడ ఒక రకం నాడీకణాలున్నాయి. పుట్టుకకు నాడీకణాలే అయినా హార్మోను తయారుచేస్తాయి. వాటి పొడవాటి తంతువులు పీయూష గ్రంథి వెనక భాగం దాకా దిగి, రక్తనాళాల పక్కన ఆగుతాయి. సంకేతం అందగానే ఆ కణాలన్నీ ఒక్కసారిగా కదిలి ఆక్సిటోసిన్‌ను విడతలు విడతలుగా రక్తంలోకి వదులుతాయి. ఆ హార్మోను రొమ్ముకు చేరాక, పాల తిత్తుల చుట్టూ అల్లుకొని ఉన్న సన్నని కండరకణాలు ముడుచుకుంటాయి. పాలు చేపుతాయి. వెళ్లేది నాడి గుండా, తిరిగొచ్చేది రక్తం గుండా.

నాడీకణం హార్మోను చేస్తుందన్న సంగతి ఒకప్పుడు శాస్త్రవేత్తలకే మింగుడు పడలేదు. 1928లో ఎర్న్‌స్ట్ షారర్ అనే జర్మన్ యువకుడు ఒక చేప మెదడులో గ్రంథికణాల లక్షణాలున్న నాడీకణాలను చూపిస్తే చాలామంది నమ్మలేదు. తర్వాత పావు శతాబ్దానికి, 1953లో, విన్సెంట్ డు విన్యో ఆక్సిటోసిన్ నిర్మాణం తేల్చి ప్రయోగశాలలో తయారుచేశారు. తొమ్మిదే అమైనో ఆమ్లాలు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పాలను చేపించేది ఆక్సిటోసిన్ అయితే, పాలను తయారు చేయించేది ప్రొలాక్టిన్. ఇది పీయూష గ్రంథి ముందు భాగంలో పుడుతుంది. బిడ్డ చప్పరించిన ప్రతిసారీ పెరుగుతుంది, రాత్రిళ్లు ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుకే రాత్రి పాలు మాన్పించవద్దంటాం. రొమ్ము నిండి ఉంటే పాల తయారీ తగ్గుతుంది, ఖాళీ అయితే పెరుగుతుంది. నిజాంసాగర్‌లో నీళ్లు నిలబెట్టుకున్నట్టు పాలు దాచుకుంటే ఎక్కువవుతాయనుకునే తల్లులు ఉన్నారు. శరీరం పద్ధతి దానికి పూర్తిగా విరుద్ధం.

కాన్పయి మాయ పడిపోగానే ప్రొజెస్టిరాన్ హఠాత్తుగా తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో పాలు బాగా పడతాయి. ఈలోగా వచ్చేవి ముర్రుపాలు. చూడ్డానికి చెంచాల లెక్కే, కానీ తొలి రోజుల బిడ్డకు అవి సరిపోతాయి. మన ఇళ్లలో భయం పుట్టేది సరిగ్గా ఈ రెండు రోజుల్లోనే. "పాలు పడలేదు, పిల్ల ఏడుస్తోంది" అని ఎవరో అంటారు. చక్కెర నీళ్లో, తేనెచుక్కో, డబ్బా పాలో వస్తాయి. కడుపు నిండిన బిడ్డ రొమ్ము చప్పరించదు, చప్పరించకపోతే మెదడుకు కబురే వెళ్లదు. పాలు లేవన్న మాట అలా నిజమై కూర్చుంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సుమారు 61 శాతం కాన్పులు ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది నూటికి దాదాపు 37 మంది పిల్లలకే. ఆపరేషన్ వల్ల పాలు ఎండిపోవు. ఆలస్యమవుతుంది, అంతే. ఆ ఆలస్యంలోనే డబ్బా దూరుతుంది.

బిడ్డ వైపు నుంచి చూద్దాం. పుట్టిన పిల్లకు చూపు మసకే, కానీ ముక్కు బాగా పనిచేస్తుంది. వారం కూడా నిండని బిడ్డ తన తల్లి పాలు అంటిన గుడ్డ వైపు తల తిప్పుతుందని 1975లో మాక్‌ఫార్లేన్ చూపించారు. తల్లి గొంతును గుర్తుపట్టి, దాన్ని వినడానికే చప్పరించే తీరు మార్చుకుంటుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ నిరూపించారు. తల్లి వైపూ అంతే. చాలామంది తల్లుల్లో బిడ్డ ఏడుపు వినగానే, నోరు తగలకముందే ఆక్సిటోసిన్ లేస్తుంది. చెవి నుంచి కూడా దారి ఉందన్నమాట.

చెవి నుంచి మంచీ వస్తుంది, చెడూ వస్తుంది. 1948లో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులు ఒక ప్రయోగం ప్రచురించారు. పాలిచ్చే తల్లి నైల్స్ స్వయంగా. ఏ ఇబ్బందీ లేనప్పుడు బిడ్డ తాగిన పాలు 168 గ్రాములు. కాళ్లు మంచునీళ్లలో పెట్టించి, గబగబా లెక్కలు అడిగి, చిన్న షాకులిచ్చి వేధించినప్పుడు 99 గ్రాములే. అదే వేధింపుల మధ్య ఆక్సిటోసిన్ సూది ఇస్తే 153 గ్రాములు. పాలు రొమ్ములో ఉన్నాయి, దిగలేదు. నొప్పి, భయం, అవమానం చేపును ఆపగలవు. పాడి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కొత్త మనిషి పిండబోతే, కుక్క మొరిగితే బర్రె చేపదని ఆయనకు తెలుసు, బర్రెను తిట్టడు. బాలింతను మాత్రం మనం తిడతాం. "నీకు పాలే లేవు" అని మంచం పక్కన నిలబడి అనే మాట ఆ మంచునీళ్ల పనే చేస్తుంది. ఈ మాట అనే పెద్దలు ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. అయినా ఆపమని వేడుకుంటున్నాను.

మన ఆసుపత్రికి వచ్చిన గుర్తింపును ఈ వెలుగులో చూడండి. దాని సూత్రాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో చెప్పిన పది మెట్ల నుంచి వచ్చినవి. గంటలోపు బిడ్డను రొమ్ముకు చేర్చాలి. రాత్రీ పగలూ తల్లీబిడ్డలను ఒక్కచోట ఉంచాలి. అడిగినప్పుడల్లా పట్టించాలి. వైద్య అవసరం లేనిదే పైపాలు ఇవ్వకూడదు. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. ప్రతి మెట్టూ నేను చెప్పిన ఆ నాడి దారిని తెరిచి ఉంచేదే. పక్కన కూర్చొని బిడ్డ నోరు సరిగ్గా పట్టిందో లేదో చూసే నర్సు చేతిని నేను పెద్ద వైద్యంగా లెక్కిస్తాను.

నిజంగానే పాలు రాని తల్లులు కొందరు ఉంటారు. కాన్పులో రక్తం బాగా పోయినప్పుడు పీయూష గ్రంథికి రక్తం అందక దెబ్బతినవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి పెరిగి ఉండటం వల్ల ఆ రోజుల్లో దానికి రక్తం అవసరం ఎక్కువ. 1937లో హెరాల్డ్ షీహన్ దీన్ని వర్ణించారు. చాలాసార్లు మొదట కనిపించేది పాలు పడకపోవడమే. తర్వాత నెలసరి రాదు, నీరసం, చలి, బీపీ తగ్గడం. ఏళ్ల తరబడి "బలహీనత" అని టానిక్కులు తాగుతూ గడిపే ఆడవాళ్లు వీళ్లలో ఉంటారు. కాన్పులో రక్తం ఎక్కువగా పోయి, ఆపై పాలు చుక్క కూడా పడని తల్లి మీ ఇంట్లో ఉంటే ఆ రెండు సంగతులూ కలిపి డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షతో గ్రంథి పరిస్థితి తెలుస్తుంది, లోపించిన హార్మోన్లు మాత్రలుగా దొరుకుతాయి. జీవితాంతం వాడాలి, కానీ వాడితే ఆమె తన పనులన్నీ చేసుకుంటుంది.