చెట్లు లెక్కపెడితే చాలదు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడవలసిన చోట ఈయన కాఫీ తోటల సంగతి ఎత్తుకున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చును. దానికి కారణమున్నది. మన సంక్షేమ నిధిలో మిగిలిన సొమ్ములో కొంత భాగం చిన్న రైతులకు తోడ్పడే ఒక స్వచ్ఛంద సంస్థకు ఇద్దామని కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. అలాంటి సంస్థలు పెద్ద కంపెనీలతో చేతులు కలిపి పనిచేస్తున్నవి. వారు పంపే పుస్తకాలలో రంగుల బొమ్మలు, నవ్వు ముఖాలు నిండుగా ఉంటవి. వాటిని చూసి మురిసిపోవడమా, లేక అన్నీ బూటకమని కొట్టిపారేయడమా? రెండూ తగవు. జీవితమంతా బిల్లులు, వోచర్లు, వినియోగ ధ్రువపత్రాలు పరిశీలించిన మనకు మూడో దారి ఒకటి తెలుసు. అది లెక్క అడగడం.

మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ప్రతి వంద కమతాలలో 86 కమతాలు చిన్న, సన్నకారు రైతులవే. సగటు కమతం 1.08 హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఈ రైతు ఒంటరిగా బజారుకు వెళితే ధర చెప్పేది కొనేవాడే. అందుచేత అతనికి తోడు కావలసిందే. ఆ తోడు ఎవరు, ఏ షరతు మీద వస్తున్నారన్నదే నేటి ప్రశ్న.

కంపెనీలు ఈ రంగంలోకి రావడానికి ఒక కారణం చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినది. నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2021 జనవరిలో నిబంధనలు సవరించి, ఈ పద్దు కింద ఏటా సగటున పది కోట్లు, ఆపైన ఖర్చు చేయవలసిన కంపెనీలు తమ పెద్ద పథకాల ఫలితాన్ని స్వతంత్ర సంస్థ చేత మదింపు చేయించాలన్నారు. డబ్బు ఖర్చయితే చాలదు, ఫలితం చూపాలని చట్టమే అంటున్నదన్న మాట.

ఇక ఉదాహరణకు వస్తాను. మనకు దగ్గరలోనిదీ, అందరూ పేరు విన్నదీ అరకు కాఫీ.

విశాఖ మన్యంలో కాఫీ పెంపకం ఏ ఒక్క సంస్థా కనిపెట్టినది కాదు. అటవీ శాఖ, అటవీ అభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ దశాబ్దాల తరబడి మొక్కలు వేయించినవి. పోడు తగ్గించి, కొండవాలు మీద నీడనిచ్చే చెట్లను నిలిపి, వాటి కింద కాఫీ, చెట్టు మానుకు మిరియం తీగ పెంచితే గిరిజన కుటుంబానికి నిలకడ గల రాబడి వస్తుందన్నది ఆలోచన. ఆ ప్రాంతమంతా 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

నాంది ఫౌండేషన్ 1998లో హైదరాబాదులో ఏర్పడినది. డాక్టర్ రెడ్డీస్ స్థాపకులు కె.అంజిరెడ్డి గారు దాని స్థాపనలో ముఖ్యులు. తరువాత ఆనంద్ మహీంద్ర గారు పాలక మండలిలో చేరారు. ఈ సంస్థ అరకు లోయలో గిరిజన రైతులను కూడగట్టి, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘాన్ని ఏర్పరచడానికి తోడ్పడినది. ఫ్రాన్సుకు చెందిన డానోన్ తదితర కంపెనీలు కలిసి పెట్టిన లైవ్‌లీహుడ్స్ ఫండ్ పెట్టుబడితో సుమారు ఆరువేల హెక్టార్లలో ముప్పై లక్షల వరకు మొక్కలు నాటించారు. వాటిలో మామిడి, జామ వంటి పండ్ల చెట్లు కూడా ఉన్నవి. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరిచారు. అరకు వేలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఇంతవరకు వినడానికి చాలా బాగున్నది. ఇప్పుడు మన పద్ధతిలో ప్రశ్నలు వేద్దాము.

మొదటిది: సొమ్ము ఏ పద్దు? పైన చెప్పిన ఫ్రెంచి నిధి దానం కాదు. చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నిల్వ చేస్తవి. ఆ నిల్వకు లెక్క కట్టి, కార్బన్ క్రెడిట్లుగా పెట్టుబడిదారులకు ఇస్తారు. తమ వల్ల కలిగే కాలుష్యానికి ఎదురు జమగా ఆ కంపెనీలు వాటిని చూపుకుంటవి. ఇందులో తప్పేమీ లేదు. పైగా వట్టి దయ కంటె స్పష్టమైన అవసరమే ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం. మొక్క చచ్చిపోతే క్రెడిట్ రాదు గనుక, నాటిన వాడికి దానిని బతికించవలసిన గరజు కూడా ఉంటుంది. వనమహోత్సవాలలో ఏటేటా అదే గుంటలో మొక్క నాటిన సంగతులు ఎరిగిన మనకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఆ ఒప్పందంలో ఏమున్నదో చెట్టు పెంచుతున్న రైతుకు అతని భాషలో తెలిసి ఉండాలి. లేకపోతే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్లే అవుతుంది.

రెండవది: రైతు చేతికి వచ్చినదెంత? నాటిన మొక్కల సంఖ్య, జరిపిన శిక్షణల సంఖ్య ఇవన్నీ మనం చేసిన పని లెక్క. రైతు ఇంటి రాబడి ఫలితం లెక్క. కాఫీలో దీన్ని జాగ్రత్తగా చూడాలి. సుమారు ఆరు కిలోల పండు ఇస్తే ఒక కిలో గింజ అవుతుంది. వేయించినప్పుడు మళ్లీ తూకం తగ్గుతుంది. ఆపైన రవాణా, పొట్లాలు, పెద్ద నగరంలో దుకాణం అద్దె. అందువల్ల పారిస్ పొట్లం ధరనూ, మన్యంలో కాయ ధరనూ పక్కపక్కన పెట్టి అంతా దోపిడీ అనడం న్యాయం కాదు. కాని ఆ రెండింటి నడుమ ఏ మెట్టు దగ్గర ఎంత పోతున్నదో సంఘం పుస్తకంలో రాసి ఉండాలని అడగడం న్యాయమే. ముఖ్యంగా స్వచ్ఛంద సంస్థ ఒకటి, రైతుల సహకార సంఘం ఒకటి, సరుకు అమ్మే కంపెనీ ఒకటి ఉన్నచోట, లాభం ఏ జేబులోకి, నష్టం ఏ జేబు నుంచి అన్నది విడివిడిగా తెలియాలి.

మూడవది: ధర చెప్పేదెవరు? వెనుక రైతులు పచ్చికాయ, పండుకాయ కలిపి కోసి, ఇంటి ముంగిట ఎండబెట్టి, వారపు సంతలో దళారీకి అమ్మేవారు. ఎర్రగా పండిన కాయనే ఏరి కోసి, వెంటనే పప్పు తీయించి, కడిగి ఆరబెడితే నాణ్యత పెరుగుతుంది. ఈ పని నేర్పడం, పండును సేకరించి ఒకచోట శుద్ధి చేయడం నిజమైన మేలు. దానితోపాటు గిరిజన సహకార సంస్థ, అంటే మన జి.సి.సి., కూడా అక్కడ కాఫీ కొంటున్నది. ప్రైవేటు వర్తకులూ ఉన్నారు. ఒకరు తక్కువ ఇస్తే రైతు ఇంకొకరి దగ్గరకు పోగలడు. నా లెక్కలో రైతుకు ఇదే పెద్ద రక్ష. ఒకే కొనుగోలుదారు ఉన్నచోట ఎంత మంచి సంస్థ అయినా రైతు చేయి కిందే ఉంటుంది.

నాలుగవది: భూమి ఎవరిది? ఏజెన్సీలో 1959 భూ బదలాయింపు నిబంధనలు, వాటిని గట్టి చేసిన 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన, మనమంతా 1/70 అని పిలిచేది, గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించినవి. 1997లో సుప్రీం కోర్టు సమత కేసు తీర్పులో దీనిని మరింత బలపరిచినది. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న గిరిజనులకు పట్టాకు దారి చూపినది. కంపెనీ తోట కొనలేదు గనుకనే రైతుతో మాట్లాడవలసి వచ్చినది. భాగస్వామ్యమన్న మాటకు అక్కడ అర్థమున్నదంటే ఆ పునాది ఈ చట్టాలదే. ఈ రక్షణ లేని మైదాన ప్రాంతాలలో, ముఖ్యంగా కౌలు రైతుల విషయంలో, ఇదే నమూనా నడుస్తుందా అన్నది వేరుగా ఆలోచించాలి. కౌలుదారు మామిడి మొక్క నాటితే కాయ ఎవరిది?

ఐదవది: ఒకే పనికి ఎందరు బిల్లు పెట్టారు? ఎం.బుక్కులు చూసినవారికి ఈ జబ్బు తెలుసు. ఒకే తోటలో కాఫీ బోర్డు రాయితీ, గిరిజనాభివృద్ధి సంస్థ మొక్కలు, ఉపాధి హామీ కూలి, స్వచ్ఛంద సంస్థ శిక్షణ కలిసి ఉండవచ్చును. రాబడి పెరిగితే నలుగురూ తమ నివేదికలో రాసుకుంటారు. అందరి చేయీ ఉన్నదనడంలో అబద్ధం లేదు. కాని మదింపు చేసేవారు, సంస్థ అడుగు పెట్టని పక్క ఊరిని కూడా చూసి, తేడా ఎంతో చెప్పాలి. పక్క ఊరూ అంతే పెరిగి ఉంటే ఆ ఘనత ధరవరలదో, ప్రభుత్వానిదో అవుతుంది. 2025 ఆరంభంలో ప్రపంచ విపణిలో కాఫీ ధర ఎన్నడూ లేనంత పెరిగినది. అలాంటి ఏడాది రాబడి చూపి ఎవరూ మీసం తిప్పుకోరాదు.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: తోడు వచ్చినవారు వెళ్లిపోతే, లేక ఆపద వస్తే ఏమిటి? 2025 ఆగస్టులో అరకు ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనిపించినది. ఈ పురుగు కాయలోకి దూరి గింజను తినేస్తుంది. పట్టిన కాయలు కోసి నాశనం చేయక తప్పదు. రాలిన కాయలు ఏరకపోతే మరుసటి పంటకూ పాకుతుంది. ఒక రైతు శుభ్రం చేసి, పక్క రైతు చేయకపోతే ఫలితం సున్న. ఇది ఒక కంపెనీ వల్లగాని, ఒక స్వచ్ఛంద సంస్థ వల్లగాని అయ్యే పని కాదు. కాఫీ బోర్డు శాస్త్రవేత్తలు, ప్రభుత్వ యంత్రాంగం, సంఘాలు, రైతులు కలిసి దిగవలసినది. సేంద్రియ పద్ధతిలో ఉన్న తోటకు మందు చల్లితే ముద్ర పోతుంది, చల్లకపోతే పంట పోతుందన్న భయం వేరు. ఆ నష్టంలో కొనుగోలుదారు వాటా ఎంత? మంచి ఏడాదిలో అందరూ భాగస్వాములే. పాడు ఏడాదిలో మిగిలేవారే అసలైన భాగస్వాములు.

పోలికకు ఇంకొక నమూనా కూడా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ నడిపిస్తున్నది. అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ దానికి తోడ్పడినది. మహిళా పొదుపు సంఘాలే దానికి వెన్నెముక. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్నవారిలో అదీ ఒకటి. అక్కడ దాత డబ్బు ఇచ్చాడు గాని సరుకు కొనేవాడు కాడు. అందువల్ల ధర విషయంలో దాతకు స్వార్థం లేదు. కాని అమ్మకం బాధ్యత కూడా చాలా వరకు రైతు మీదే మిగిలినది. అరకులో అమ్మకానికి దారి దొరికినది, దానితోపాటు కొనేవాడి మీద ఆధారమూ వచ్చినది. ఏ నమూనా అయినా ఒకచోట బలం, ఒకచోట లోటు.

మరి నా తీర్పు ఏమిటని అడుగుతారు. అరకు ప్రయోగం మెచ్చదగినదే. ఎండబెట్టిన కాయ సంతలో అమ్ముకునే రైతు సరుకుకు లోకంలో పేరు రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ మెప్పు పేరుకు గాక రైతుకు చెందాలంటే, సంఘం సర్వసభ్య సమావేశాలు సకాలంలో జరగాలి, మినిట్స్ పుస్తకం సభ్యుడు అడిగితే చూపాలి, ఆడిటు ఏటేటా పూర్తి కావాలి, లెక్క చదవగల గిరిజన యువకులు, యువతులు ఆ సంఘంలోనే తయారు కావాలి.

మన ప్రతిపాదన విషయానికి వస్తే, సొమ్ము ఇవ్వవద్దని నేను అనడం లేదు. ఇచ్చే ముందు ఈ ఆరు ప్రశ్నలు కాగితం మీద పెట్టి ఆ సంస్థకు పంపుదాము. జవాబు ఇచ్చినవారికి మొదటి విడత ఇద్దాము. పంట కోత కాలంలో, నవంబరు దాటిన తరువాత, మనలో ఓపిక గల ఇద్దరు ముగ్గురు వెళ్లి, సంస్థ చూపిన ఇల్లు ఒకటి, చూపని ఇల్లు ఒకటి చూసి వద్దాము. ఆ తరువాతే రెండవ విడత. మన పిల్లలలో కంపెనీల్లో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. వారి కంపెనీ సామాజిక బాధ్యత సొమ్ము ఎక్కడికి పోతున్నదో వారినీ అడగమందాము.

లెక్క అడగడం అనుమానం కాదు. పనిచేసేవారికి అది గౌరవమే. నిజంగా పనిచేసిన వారెవరూ ఆడిటుకు భయపడలేదని మన సర్వీసు మనకు నేర్పినది.